బదులు పలకని చెంబు

మాణిక్యాంబ ముందుగా సంచి అడుగున పాత పంచె మడిచి వేసింది. దానిమీద జరీ అంచు పంచె, కోటలో కట్టుకోవడానికి. తరువాత సున్నుండల డబ్బా, చింతకాయ పచ్చడి జాడీ. జాడీ మూతికి గుడ్డ రెండు చుట్లు కట్టి, పడవ కుదుపుకి ఒలికిపోతుందేమోనని విప్పి మళ్ళీ కట్టింది. ఇక తమ్ముడు కామేశం ఫిడేలుకి కట్టే పేగు తీగలు మిగిలాయి.

"ఆ మేక పేగుల్ని మడిగుడ్డలకి తగలనివ్వకే మాణిక్యం!" అని వంటింట్లోంచి మేనత్త వెంకటరత్నమ్మ కేక వేసింది.

"వాటిమీదేగా అత్తయ్యా రాములవారి కీర్తన వాయించేది. ఆయనకి లేని మడి నీకెందుకూ?" అన్నాడు కామేశం.

"ఆయన వంట చెయ్యడు నాయనా. నేను చెయ్యాలి."

మాణిక్యాంబ నవ్వి, తీగల్ని విడిగా గుడ్డలో చుట్టింది. కామేశానికి పంతొమ్మిదేళ్ళు. వాణ్ణి కంటూ తల్లి పోయింది. నాలుగేళ్ళకి తండ్రి కాశీకి వెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు. పదకొండో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చిన మాణిక్యాంబే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచింది. వాడు ఇసుకలో అక్షరాలు దిద్దుతూంటే వెనక కూర్చుని తనూ దిద్దుకుంది. ఆ గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళు ఎవరెవరో, ఏ తిథినో, అన్నీ ఆమెకు గుర్తే.

శ్రీరామనవమికి మెట్ట ప్రాంతపు జమీందారుగారి కోటలో కామేశం వాయించాలి. గురువు సూర్యనారాయణమూర్తిగారు రాసిన ఉత్తరం మీద అక్కడి విద్వాంసుడు రమ్మన్నాడు. వాయింపు నచ్చితే ఆస్థానంలో చోటు. అంతవరకు మాణిక్యాంబకూ సంతోషమే. తరువాతి మాటే ఆమెకు మింగుడుపడలేదు.

"నచ్చితే విద్వాంసుడుగారు నన్ను తంజావూరు తీసుకెళ్తారటే అక్కయ్యా. వేసవంతా అక్కడే పాఠం. కాకినాడలో పొగఓడ ఎక్కితే చెన్నపట్నం, అక్కణ్ణించి రైలు."

"ముందు ఇంటికొచ్చి చెప్పి వెళ్ళు. కాలువ కట్టెయ్యకముందే వచ్చెయ్యి."

"వచ్చాక వేసవికి కాలువ కట్టేస్తారు, పడవలు ఆగిపోతాయి. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఇక్కడే గోళ్ళు గిల్లుకుంటూ కూచోవాలి. ఆయన నాకోసం ఆగుతారా?"

"సముద్రం మీదికి వెళ్ళేవాడు ఒక్కసారి మొహం చూపించి వెళ్ళకూడదుట్రా?"

"సముద్రం నన్నేం చేస్తుందే?"

"అయితే వెళ్ళు. ఇహ నాతో చెప్పడం దేనికి?" అని మాణిక్యాంబ సంచి మూతి బిగించి లేచిపోయింది.

ఆ పూట అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోలేదు. సాయంత్రం విస్తరి ముందు కూర్చుని కామేశం, "చూద్దాంలే. ఇంకా ఏదీ అనుకోలేదు," అన్నాడు. ఆమె మజ్జిగ పోసింది.

మర్నాడు తదియ, పొద్దెక్కాక మంచి ఘడియ. ప్రయాణమయ్యేవాడికి విధవ కంటపడకూడదు గనక, వాడు గుమ్మం దిగేవేళకి మాణిక్యాంబ ఎప్పుడూ కొట్టుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. దానికి ఇద్దరూ ఒక ఉపాయం పెట్టుకున్నారు. వాడు పదేళ్ళవాడై పాఠానికి పొరుగూరు వెళ్ళేనాటి నుంచి ఉన్నదే. గుమ్మం దగ్గర ఆగి ఫిడేలు తీగ ఒకసారి మీటుతాడు. ఆమె గదిలోంచి ఇత్తడి చెంబు మీద వేలితో ఒక్క దెబ్బ కొడుతుంది. వెళ్ళొస్తానని వాడు, వెళ్ళిరా అని ఆమె.

ఆవేళా చెంబు పట్టుకుని వెళ్తూంటే వెంకటరత్నమ్మ అడ్డంగా నిలబడింది.

"చెంబెందుకే?"

"ఊరికే అత్తయ్యా."

"నాకు తెలీదనుకున్నావా? ఇన్నాళ్ళూ పొరుగూరే గదా అని ఊరుకున్నాను. ఇది కోట ప్రయాణం. నీ మొహం పడకూడదంటే నీ చప్పుడూ పడకూడదు. వాడికేమైనా అయితే నిన్ను నువ్వే తిట్టుకుంటావు. తరవాత నీ ఇష్టం."

కసిరి ఉంటే మాణిక్యాంబ వినేది కాదేమో. అత్తయ్య నెమ్మదిగా చెప్పింది. గదిలో కూర్చుని చెంబును ఒళ్ళో పెట్టుకుని, దానిమీద కొంగు చుట్టింది.

బయట ముత్తైదువ గనక వెంకటరత్నమ్మ నీళ్ళబిందెతో శకునానికి ఎదురొచ్చిన అలికిడి వినిపించింది. రేవులోంచి పడవ సరంగు సత్తియ్య అరిచాడు: "రండి బాబుగారూ! ఎండెక్కితే గట్టుమీద పడవ తాడు లాగే మావోళ్ళు మీచేతే లాగిస్తారండి!"

తీగ మోగింది.

ఆమె వేలు చెంబు దాకా వెళ్ళి ఆగింది.

కాసేపటికి తీగ మళ్ళీ మోగింది. "అక్కయ్యా," అన్నాడు, మెల్లగా. ఆమె చెంబును కొంగుతో ఇంకా బిగించి పట్టుకుంది. వాడికి ఏమీ కాకూడదు. ఈ ఒక్కసారికీ ఏ పొరపాటూ జరగకూడదు. మూడోసారి తీగ మోగిన తరువాత చెప్పుల చప్పుడు వీధిలోకి దిగిపోయింది.

నవమి వెళ్ళింది. పున్నమి వెళ్ళింది. కామేశం వాయించాడని, జమీందారుగారు శాలువా కప్పారని ఎవరో చెప్పుకున్నారు. మాణిక్యాంబ రోజూ రేవుకి వెళ్ళి ధవళేశ్వరం లాకుల వైపునుంచి వచ్చే పడవలు చూసేది. చైత్ర బహుళ చతుర్దశి నాడు సత్తియ్య ఆఖరి పడవ తెచ్చాడు. అందులో బెల్లం బుట్టలున్నాయి.

"బాబుగారు రాలేదమ్మగారూ. లాకుల కాడ ఒకపూటంతా చూశానండి. రేపటికి నీళ్ళు తీసేస్తారు."

నీళ్ళు తీసేశారు. కాలువ అడుగున బురద ఎండి పగిలింది. వైశాఖ శుద్ధ సప్తమి నాడు తపాలావాడు ఉత్తరం తెచ్చాడు. మాణిక్యాంబ కొట్టుగదిలో కూర్చుని కూడబలుక్కుని చదివింది.

"అక్కయ్యకు కామేశం నమస్కారాలు. నాకు చోటు దొరికింది. నువ్వు చెంబు కొట్టి ఉంటే ఆఖరి పడవకి వచ్చేసేవాణ్ణి. వాకిట్లో అలాగే అనుకున్నాను. మూడుసార్లు మీటినా నువ్వు పలకలేదు. నీకంత కోపం వచ్చాక ఉత్త చేతులతో ఎలా రాను? తంజావూరులో నేర్చుకుని, పేరు తెచ్చుకునే వస్తాను. అప్పుడైనా పలుకుతావు. పంచమినాడు ఓడ ఎక్కుతున్నాం. పచ్చడి ఒలకలేదు."

పంచమి వెళ్ళి రెండు రోజులైంది.

"చోటు దొరికిందిటగా! చూశావా, నా మాట విన్నందుకు ఎంత మంచి జరిగిందో!" అంది వెంకటరత్నమ్మ. మాణిక్యాంబ కాగితం, కలం తెచ్చుకుంది. ఆ పగలంతా ఒక జాబు రాసింది. కోపం కాదురా, భయం, అని రాసింది. తంజావూరులో ఎక్కడ ఉంటాడో ఉత్తరంలో లేదు. విద్వాంసుడి పేరు వేసి కోటకే పంపింది. అది వాడికి అందిందో లేదో చెప్పినవాళ్ళు లేరు.

జ్యేష్ఠంలో కాలువకు నీళ్ళు వదిలారు. మొదటి పడవ వచ్చిన రోజున ఆమె చెంబు తీసుకుని రేవుకి వెళ్ళింది. విద్వాంసుడి జాబు ఆషాఢంలో వచ్చింది.

కామేశం తిరిగి రాలేదు. సర్వజిత్తు సంవత్సరం జ్యేష్ఠ బహుళ ద్వాదశి నాడు, తంజావూరికి రెండామడల దూరంలో ఒక సత్రంలో, వాంతిభేదితో పోయాడు.