మామ్మ పెళ్లిపాటలు

పోయిన మామ్మ ప్రసూనాంబ పాడే పెళ్లిపాటలను గౌతమి కంప్యూటర్లో ఒక్కోటీ ఒక్కో ఫైలుగా టైపు చేసింది. ఎచ్చెర్ల హాస్టల్లో ఓ మిట్టమధ్యాహ్నం, వాటన్నిటినీ కలిపే ‘క్యాట్’ కమాండ్ కొట్టి, ఫైళ్ల పేర్లివ్వకుండానే ఎంటర్ నొక్కేసింది. పేర్లివ్వకపోతే క్యాట్, మనం కొట్టిన ప్రతి వాక్యాన్నీ కిందనే మళ్లీ చూపిస్తుంది. అంటే ఎవరైనా కీబోర్డు మీద కొట్టిన ప్రతిదీ రెండుసార్లు కనిపిస్తుంది.

సరదాకి “మామ్మా, తిన్నావా?” అని కొట్టింది. కింద మళ్లీ “మామ్మా, తిన్నావా?” అని వచ్చింది. నవ్వుకుని, తనొక్కతే లోపల గడియ పెట్టుకున్న ఆ గదిలోనే మూలనున్న నీళ్లసీసా కోసం లేచింది.

వెనక్కి తిరిగేసరికి తెరమీద కొత్త వాక్యం: “అప్పగింతల పాట మర్సిపోనావేటే?”

పాడు మిషను తనంతట తానే వాగి ఉంటే ఒక్కసారే ఉండాలి.

ఆ వాక్యం రెండుసార్లు ఉంది.