నల్లబడితే సీసాలోకి

డేగమ్మ తన బల్ల దగ్గర కూర్చుని టమాటా ఆకును వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఆకు నిండా తెల్లని వంకర గీత, ఈగ పిల్లపురుగు లోపల తొలుచుకుంటూ పోయిన దారి. దారి చివర పురుగు పచ్చగా కదులుతుంటే ఆకు సబ్బునీళ్ళ బకెట్లోకి. నల్లబడి బిగుసుకుపోతే దాని ఒంట్లో కందిరీగ పిల్ల పెరుగుతున్నట్టు, ఆ ఆకు సీసాలోకి. నలుసంత కందిరీగే, కానీ ఈగల వంశానికి యముడు. సీసాలో పుట్టినవాటిని తోటలో వదిలితే మందు కొట్టే అవసరమే ఉండదు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆ చూపును చూసి పెట్టిన పేరే డేగమ్మ. రెండు నెలలుగా ఆ డేగ కళ్ళకు మబ్బు కమ్మింది. పచ్చా నలుపూ ఒకే మసక. చెబితే పని ఊడుతుందని, వేలికొసతో తడిమి గుట్టుగా నెట్టుకొస్తోంది. పక్క బల్ల దగ్గర పనిచేసే కోడలికి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం మేస్త్రీ సీసా పట్టుకొచ్చాడు. లోపల ఈగలు గిజగిజలాడుతున్నాయి. కందిరీగ ఒక్కటీ లేదు.

"నీ సీసాలే కదా అని చూడకుండా తోటలో వదిలేశాను పెద్దమ్మా. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. మూడు వరుసల మొక్కలు పీకెయ్యాలి. నువ్వు పొరబడే మనిషివి కాదు. ఇది నీ కోడలి నిర్వాకమే. రేపట్నుంచి దాన్ని రావద్దను."

 పని నిలబడిందన్న ఆశ డేగమ్మలో ఒక్క క్షణం మెదిలింది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

"అవునండీ, నేనే కలిపేశాను," అంది కోడలు తలొంచుకుని.

దానికి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు.

"నోర్ముయ్ పిల్లా!" అంది డేగమ్మ. "బాబూ, నాకు కళ్ళు ఆనడంలేదు. అది నన్ను వెనకేసుకొస్తోంది. కందిరీగల్ని ఈ చేతుల్తోనే సబ్బునీళ్ళలో ముంచేశాను."

మేస్త్రీ సీసా బల్ల మీద పెట్టాడు. "ముందే చెబితే ఇంకో పని చూసేవాణ్ణి కదమ్మా. ఇప్పుడు పైవాళ్ళు ఊరుకోరు," అన్నాడు. తిట్టినా ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

పొద్దు వాలకముందే ఆమె వెళ్ళిపోయింది. గడప దగ్గర తడబడితే కోడలు చెయ్యి అందించింది. పట్టుకుంది.

మర్నాడు డేగమ్మ బల్ల దగ్గర కోడలు కూర్చుంది. సొరుగు లాగితే, పాతగుడ్డల అడుగున అత్త దాచిన భూతద్దం, కొన్న అట్టపెట్టెలోనే, చుట్టిన కాగితమైనా విప్పకుండా.