గల్లాపెట్టెలో చలిదేశం

ముందు మీరు చూసింది చెప్పండి. నాది తర్వాత చెబుతాను.

మే నెల. వేంపల్లె బజారు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. నాగసుబ్బయ్య కిరాణా కొట్టులో, గద్దె మీద, ఆయన అల్లుడు తేజేశ్వర్ కూర్చుని నన్నారి షర్బత్ తాగుతున్నాడు. గ్లాసు పెదవులకు ఆనించేటప్పుడు తప్ప నోటి మీది చేతిరుమాలు తీయడం లేదు. చూశారా, లేదా? "నేను గమనించలేదండీ, మనకెందుకులెండి" అనే మాట నా దగ్గర చెల్లదు. చూసినవాళ్ళు చూడలేదన్నందుకే ఈ సీమలో చాలా కొంపలు మునిగాయి.

సరే, మొదట్నుంచి చెబుతాను.

నాగసుబ్బయ్య కొట్టు తెరిచే పద్ధతి ఎన్నడూ మారలేదు. పొద్దున్నే గడపకు నీళ్ళు చల్లుతాడు. తక్కెడకు దండం పెడతాడు. గల్లాపెట్టె మూత ఎత్తి, దాని లోపలివైపు పసుపుతో రాసిన శ్రీకారాన్ని తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంటాడు. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు ఇంట్లో ఉన్న బీగంచెవులన్నీ ఆ పెట్టెలోకి రావాలి. గోడౌనుది, బీరువాది, కొడుకు ప్రదీప్‌కుమార్ మోటారుసైకిలుది కూడా. పెట్టెకు బీగం వేసి, ఆ ఒక్క చెవి తన మొలతాడుకు కట్టుకుంటాడు.

మనుషుల్ని ఆయన నమ్మడు. బెల్లం దిమ్మె పగలగొట్టి చూడందే కొనడు. చింతపండు బస్తాలో అడుగుదాకా చెయ్యి దూరుస్తాడు. భార్య సుందరలక్ష్మి కాఫీ ఇచ్చినా ఒకసారి వాసన చూసే తాగుతాడు.

"విషం కలిపేదుంటే పెండ్లైన కొత్తల్లోనే కలిపుందును. తాగండి," అంటుంది ఆమె.

అట్లాంటి ఇంట్లో కోడలు సుచరిత కంపెనీ పెట్టింది. వేంపల్లెలో కాదు, కడపలో కాదు. ఎక్కడో ఉత్తరాన మంచు కురిసే ఎస్టోనియా దేశంలో. ఇంట్లో కూర్చునే అర్జీ పెట్టుకుంది. ఢిల్లీలో ఆ దేశపు రాయబార కార్యాలయానికి పోయి వేలిముద్రలిచ్చి, కంప్యూటర్లోనే సంతకాలు పెట్టే కార్డు ఒకటి తెచ్చుకుంది. యూరప్‌లోని చిన్న చిన్న రొట్టెల అంగళ్ళవాళ్ళు ఆర్డర్లు రాసుకోవడానికి ఒక యాప్ తయారు చేసింది. వాళ్ళు నెలనెలా కట్టే డబ్బు ఆ కంపెనీకి వస్తుంది. అంతా మేడమీది గదిలోంచే నడుపుతుంది.

నాగసుబ్బయ్యకు ఇదంతా మొదటి రోజు నుంచీ కంట్లో నలుసే.

"అంటే నువ్వు ఆ దేశం మనిషివైపోయినావా?"

"లేదు మామా. పౌరసత్వం కాదు. ఆడ పోయి ఉండేదానికి కూడా వీల్లేదు. కంపెనీ పెట్టుకోను, నడుపుకోను మాత్రమే."

"ఉండనియ్యని ఊర్లో అంగడా!" అన్నాడు ఆయన. "గడప లేదు, తక్కెడ లేదు, బోణీ లేదు. ఎవరు చూసినారు దాన్ని?"

ఎవరూ చూడలేదు. కానీ ఆ దేశపు చలి మాత్రం ఇంటికొచ్చింది. ఆ కార్డుతో సంతకం పెట్టిన రోజు సుచరిత నోట్లోంచి మంచుకాలపు ఆవిరి వచ్చేది. ఉగాది దాటిన ఎండల్లో ఆమె మాట్లాడుతుంటే తెల్లటి పొగ గాల్లోకి లేచి, దండెం మీది బట్టల్లో కలిసిపోయేది. మరుసటి రోజుకు తగ్గేది. మొదటిసారి చూసినప్పుడు సుందరలక్ష్మి శాలువా తెచ్చి కప్పింది. ఆ తర్వాత అలవాటైపోయింది.

"సుచరితా, సంతకం పెట్టినావా ఈ పొద్దు? వెన్న కరిగిపోతాండాది, ఇట్లొచ్చి కాస్త ఊదిపో తల్లీ," అని వంటింట్లోంచి కేకేసేది.

నాగసుబ్బయ్యకు ఆవిరితో పేచీ లేదు. చలిదేశంలో సంతకం పెడితే చలి రాక ఏమొస్తుంది? ఆయన పేచీ అంతా బీగంతో.

"వ్యాపారమన్నాక దానికి బీగంచెవి ఉంటుంది కదా. నీ దానికి ఏది?"

సుచరిత కార్డు చూపింది. దాన్ని దూర్చే చిన్న యంత్రం చూపింది. లోపలికి పోవడానికి ఒక రహస్య అంకె, సంతకానికి ఇంకొకటి ఉంటాయని చెప్పింది.

"అయితే రాత్రిపూట అది కూడా గల్లాలోకి రావాల్సిందే. అంకెలతో సహా. మలుపు తెలియని బీగంచెవి ఎందుకు?"

"ఆ అంకెలు ఎవరికీ చెప్పకూడదు మామా."

"ఎవరికీ అంటే బయటోళ్ళకు. నేను బయటోడినా?"

ప్రదీప్‌కుమార్ భార్యను పక్కకు పిలిచాడు. "ఇచ్చేయ్ సుచరితా. లేకుంటే ఆయన అన్నం మానేస్తాడు, మా అమ్మ నన్ను తింటుంది."

ఇచ్చింది. ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? మరిచిపోతానేమోనని, గల్లాపెట్టె మూత లోపల, శ్రీకారం కిందనే, ఆ అంకెలు కూడా పసుపుతో రాసుకున్నాడు. దేవుడి పేరు కింద రాస్తే దేవుడే కాపలా ఉంటాడని ఆయన లెక్క. అప్పటి నుంచి సంతకం అవసరమైన రోజు సుచరిత వచ్చి, మామను అడిగి, కార్డూ యంత్రమూ తీసుకోవాలి. తన కంపెనీలోకి తాను పోవడానికి!

వేసవిలో అల్లుడు తేజేశ్వర్ కడప నుంచి బనగానపల్లె మామిడిపండ్లు తినడానికి అత్తగారింటికి వచ్చాడు. నాగసుబ్బయ్య కూతురు శ్రీవిద్య భర్త. బట్టల కొట్టు నడవక ఈ మధ్య అది మూసి, ఏదేదో చేస్తానంటున్నాడు. ఊరందరినీ అనుమానించే నాగసుబ్బయ్యకు ఈ అల్లుడంటే మాత్రం గుడ్డి నమ్మకం. పిల్లనిచ్చి కాళ్ళు కడిగిన మనిషిని అనుమానిస్తే, ఆ కడిగిన నీళ్ళను అనుమానించినట్టే కదా.

వచ్చిన రోజు నుంచీ తేజేశ్వర్ పండు ముక్కలు నములుతూ ఒకటే నస.

"మామా, ఆ కంపెనీలో మీ పేరు యాడన్నా ఉండాదా?"

"లేదు అల్లుడా."

"ప్రదీప్ పేరు?"

"లేదు."

"అయితే రేపు ఆయమ్మ తన పుట్టింటోళ్ళ పేరు పెట్టుకుంటే మీకెట్లా తెలుస్తాది? నాకెందుకులే మామా. మీ మంచి కోరి చెబుతాండా."

అనుమానం ఆవగింజంత వేస్తే చాలు, నాగసుబ్బయ్యలో తుమ్మచెట్టంత మొలుస్తుంది. ఆ రాత్రి నుంచి కోడలు ఫోన్లో మాట్లాడితే గోడకు చెవి పెట్టాడు. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందని భార్యను అడిగాడు.

ఇక మీరు చూసిన ఆ మధ్యాహ్నం. ప్రదీప్‌కుమార్ సరుకుకు పులివెందుల పోయాడు. నాగసుబ్బయ్య అల్లుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, చిల్లర కోసం గల్లాపెట్టె తెరిచే ఉంచి, భోజనానికి లోపలికి పోయాడు. తిరిగి వచ్చేసరికి అల్లుడు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పక్కన ల్యాప్‌టాప్ సంచి.

"ఏమైంది అల్లుడా?"

"పంటి నొప్పి మామా," అని రుమాలులోంచే గొణిగాడు.

అప్పుడే సుచరిత మేడ మీది నుంచి పరుగున వచ్చింది. చేతిలో ఫోను.

"మామా, కార్డియ్యండి! కంపెనీలోంచి నా పేరు తీసేసి, రాజశేఖర్ అంట, ఎవరో, అతని పేరు ఎక్కించమని నా కార్డుతోనే అర్జీ పోయింది. ఆ దేశపు ఆఫీసోళ్ళు ముద్ర వేసేలోపల వెనక్కి తీసుకోవాల. ఏ క్షణమైనా వేస్తారు."

నాగసుబ్బయ్య గల్లాపెట్టె మూత ధడేలున మూశాడు.

"రాజశేఖర్ ఎవరు? మీ తమ్ముని స్నేహితుడా?"

"నాకు తెలీదు మామా!"

"నీ కార్డు, నీ అంకె, నీ సంతకం. నాకు తెలీదంటే ఎట్లా? ఒకసారి పెట్టింది చాలక ఇంకోసారి పెట్టేదానికి కార్డు కావాల్నా? ఇయ్యను."

"కార్డు మీ పెట్టెలో ఉండాది. అంకె మీ మూత మీద ఉండాది." సుచరిత పెట్టె మూత మీద వేలు పెట్టింది. "పొద్దున్నుంచి నేను మిమ్మల్ని కార్డు అడిగినానా? నా నోరు చూడండి."

నోరు తెరిచి గట్టిగా ఊదింది. ఆవిరి లేదు. సుందరలక్ష్మి వచ్చి కోడలి నోటి ముందు అరచెయ్యి పెట్టి చూసింది.

"వేడిగాలే. ఈ పొద్దు ఈమె సంతకం పెట్టలేదు. ఇప్పుడు మీరు ఊదండి."

"నేనా?"

"పెట్టె బీగంచెవి మీ మొలతాడుకే కదా ఉండేది. ఊదండి."

ఊదాడు. వక్కపొడి వాసన తప్ప ఏమీ రాలేదు. సుందరలక్ష్మి కళ్ళు గద్దె వైపు తిరిగి, రుమాలు దగ్గర ఆగి, కిందికి వాలాయి. అల్లుణ్ణి ఊదమనే ఆచారం ఆమె పుట్టిన ఇంట్లోనూ లేదు, మెట్టిన ఇంట్లోనూ లేదు.

సుచరిత ఫోను వైపు చూస్తూ నిలబడింది. అంతదూరాన ఎవరో ఒక్క మీట నొక్కితే ఆమె కట్టుకున్నదంతా పోతుంది.

నాగసుబ్బయ్య లేచాడు. సీసాలోంచి ఒక లవంగం తీశాడు.

"పంటి నొప్పికి లవంగం మంచిది. నోరు తెరవండి అల్లుడా, నేనే పెడతా."

"వద్దులే మామా."

"తెరవండి. ఇంట్లో అందరూ చూస్తాండారు. వద్దంటే నాకు మర్యాద కాదు."

ఆడవాళ్ళకు వీపు పెట్టి అల్లుడి ముఖం మీదికి వంగాడు. తేజేశ్వర్ రుమాలు దించాడు. నోరు తెరిచాడు. అంత ఎండలో, వేంపల్లె నడిబజార్లో, నాగసుబ్బయ్య కళ్ళద్దాలు పాలు పూసినట్టు తెల్లబడిపోయాయి. వేళ్ళ మధ్య లవంగం మీద సన్నగా మంచు పట్టింది. ఆయన అట్లే వంగి నిలబడ్డాడు, ఏమీ కనపడకుండా. బహుశా ఆ అల్లుణ్ణి ఆయన సరిగ్గా చూసింది అప్పుడేనేమో.

"పుచ్చింది," అన్నాడు చివరికి. "లోపల శానా దూరం పుచ్చింది. కడపకు పోయి చూపించుకోండి. సాయంత్రం బస్సుకే పోండి."

పంచె కొంగుతో అద్దాలు తుడుచుకున్నాడు. పెట్టె తెరిచి కార్డూ యంత్రమూ సుచరిత చేతిలో పెట్టాడు.

ఆమె కదల్లేదు. "మామా, అద్దాలెందుకు తుడుచుకున్నారు?"

"చెమట."

సుచరిత ఆయన్ను ఒక్క క్షణం చూసి మేడ మీదికి పరుగెత్తింది. కాసేపటికి కిటికీలోంచి తెల్లటి ఆవిరి వీధిలోకి వచ్చింది. అర్జీ వెనక్కి వచ్చింది. కంపెనీ నిలబడింది. సుందరలక్ష్మి శాలువా తీసుకుని మెట్లెక్కింది. నాగసుబ్బయ్య తడిగుడ్డతో మూత లోపలి అంకెలు తుడిచేశాడు. గుడ్డ జారి శ్రీకారం కూడా సగం పోయింది. మళ్ళీ రాయలేదు. సుచరిత ఆ రాత్రే అంకెలు మార్చుకుంది. ఆ కార్డు ఇంకెప్పుడూ గల్లాకు రాలేదు. ఆయన అడగనూ లేదు.

సాయంత్రం అల్లుడు బస్సెక్కాడు. కూతురు కోసం మామిడిపండ్ల బుట్ట ఎప్పటిలాగే సుందరలక్ష్మి కట్టి ఇచ్చింది. ఏం జరిగిందని ప్రదీప్‌కుమార్ అడిగితే, "ఏదో పొరపాటంట, సర్దుకుంది," అన్నాడు నాగసుబ్బయ్య. బెల్లం దిమ్మెను పగలగొట్టి చూసే మనిషి!

మరునాడు పొద్దున్నే, గడపకు నీళ్ళు చల్లుతుండగా ఫోను మోగింది. కడప నుంచి శ్రీవిద్య.

"నాయనా, ఈయన ఇంటికొచ్చినప్పటి నుంచీ గుడ్డ నోటికి కట్టుకునే మాట్లాడతాండాడు. పన్ను పీకించుకోమంటే వినడు. అది కాదులే, ఇంకో మాట. నా పేరున ఉండే ఇంటి కాగితాల మీద సంతకం కావాలంట. రాజశేఖర్ అని స్నేహితుడంట, ఇద్దరూ కలిసి కంపెనీ పెడతారంట. కాగితాలు ముందర పెట్టుకుని కూర్చునుండా. నువ్వేమో ఆయన బంగారమంటావు ఎప్పుడూ. పెట్టమంటావా నాయనా?"

నాగసుబ్బయ్య నోరు తెరిచాడు. చెంబులో నీళ్ళు గడప మీద ఒలికిపోతున్నాయి. మెట్ల మీద నిలబడి సుచరిత మామ వైపే చూస్తోంది.

"నాయనా, వినపడతాండాదా?"

చూసింది ఆయనొక్కడే కాదు. ఆ చేతిరుమాలు మీరూ చూశారు. ఆ ఫోను ఇప్పుడు మీ చేతిలో పెడితే, ఆ పిల్లకు మీరేం చెబుతారు?