తెల్ల ఐసు

ఆ వేసవి మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నవి చెబుతాను. కింద రంపపు పొట్టు వాసన కొట్టే ఐసు గోదాము, చేపల బజారులో నిలకడైన బేరం, పైన మేడ మీద కాపురం. ఆ కాపురంలో అన్నీ తెలిసిన మా అక్క, అక్క ఏమన్నా తలూపే మా ఆవిడ, తల్లి తలూపగానే తనూ ఊపే మావాడు. ఇంతమందిలో ఇంగితం ఉన్న మనిషి ఒక్కతే, మా కోడలు. ఆమెకప్పుడు ఆరో నెల.

కడుపుతో ఉన్నవాళ్ళకు కోరికలు రావడం వింతేమీ కాదు. ఒకరు పులుపంటారు, ఒకరు తీపంటారు. పెడితే తింటారు, తీరిపోతుంది. మా కోడలి మనసు మాత్రం ఐసు మీదికి పోయింది. మొదట గ్లాసు అడుగున మిగిలిన ముక్క నమిలేది. తర్వాత గ్లాసు మానేసి ముక్కలే నమిలేది. చివరికి గిన్నె పట్టుకుని గోదాములోకే దిగడం మొదలుపెట్టింది. చేపలకు వేసే ఐసు మనుషులు తినేది కాదమ్మా అని, కాచిన నీళ్ళతో ఫ్రిజ్‌లో ముక్కలు పెట్టించాను. పొద్దున పెట్టినవి మధ్యాహ్నానికి ఉండేవి కావు.

మా అక్క దీనికి అర్థం చెప్పింది. అర్థం చెప్పని విషయం ఆమెకు లోకంలో లేదు.

"చూశావట్రా తమ్ముడూ, కడుపులో ఉన్నవాడు అప్పుడే దుకాణంలో కూర్చున్నాడు. తాత వ్యాపారం ఎత్తుకునే మొనగాడు."

"అంతే వదినా," అంది మా ఆవిడ.

మావాడు ఆ మాట పట్టుకెళ్ళి బజారంతా చాటాడు. చేపలమ్మే ముసలమ్మ ఒకతె, "మొనగాడే అయ్యా. మీ ఐసు ఊరికే తినేవాణ్ణి ఇంతవరకూ చూడలేదు," అంది. మావాడు దాన్ని కూడా పొగడ్తే అనుకున్నాడు.

కొన్నాళ్ళకు అక్క ఇంకో సంగతి కనిపెట్టింది. కోడలు తెల్లబడుతోందట. ఐసు మహిమట. బిడ్డ వెన్నముద్దలా పుడతాడట. పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించింది. కొత్త చీర చూపించినట్టు కోడలి మొహాన్ని వెలుతురు వైపు తిప్పి చూపించింది.

తెలుపు గురించి ఐసు వ్యాపారికి ఒకరు చెప్పాలా? అచ్చులో నీళ్ళు అంచుల నుంచి లోపలికి గడ్డకడతాయి. గాలీ మురికీ నడిమికి చేరతాయి. అందుకే దిమ్మ అంచు అద్దంలా ఉంటుంది, నడుము తెల్లగా ఉంటుంది. కొత్త బేరగాడు ఆ తెలుపు చూసి మురిసిపోయి పట్టుకెళతాడు. బండి బజారు చేరేలోపే అది విచ్చిపోతుంది. తెలిసినవాడు రంగు చూడడు, కొక్కెంతో తట్టి చూస్తాడు.

ఒకరోజు సరుకు దింపుతుంటే కోడలు గిన్నెతో దిగివచ్చింది. ఆఖరి మెట్టు మీద కూలబడి, మెట్ల పక్క కటకటాలు పట్టుకుని రొప్పుతోంది. చువ్వ మీద ఆమె గోళ్ళు కనిపించాయి. మా దిమ్మల నడుములా ఉన్నాయి.

"దిగడానికే ఇంత ఆయాసమా అమ్మా?"

"ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ మావయ్యా. మధ్యలో కూర్చుని లేస్తున్నా."

"చెప్పలేదేం?"

"చెప్పాను. మగపిల్లాడి బరువన్నారు పెద్దత్తయ్య."

"ఐసంటే అంత ఇష్టమా?"

"ఇష్టం కాదు. అందులో ఏముంది, నీళ్ళేగా. కానీ ఆపలేకపోతున్నా. అన్నం ముందున్నా ఇదే గుర్తొస్తోంది. మీరూ నవ్వకండి."

నేను నవ్వలేదు. సరుకులో ఏమీ లేదని తెలిసి కూడా ఒకడు రోజూ కొంటున్నాడంటే, వాడికి కొరత ఇంకెక్కడో ఉంది.

"ఆస్పత్రిలో మాత్రలిచ్చారుగా?"

ఆమె మేడ వైపు చూసింది. "పెద్దత్తయ్య తీసేసుకున్నారు. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడట."

పైకి వెళ్ళాను. అక్క కిటికీ దగ్గర కూర్చుని వీధికి సలహాలిస్తోంది.

"అక్కా, ఆ మాత్రలేవి?"

"పారేయలేదులే, పప్పు డబ్బా వెనకున్నాయి. అవి ఇనుమట. ఇనుము ఏ రంగో నువ్వే చెప్పు. పిల్ల ఇప్పుడిప్పుడే తెల్లబడుతుంటే..."

"నడుమంతా తెల్లబడ్డ దిమ్మ నీకు అంటగడితే తీసుకుంటావా?"

"మనిషీ దిమ్మా ఒకటేనట్రా?"

"కాదు. దిమ్మనైతే తట్టి చూసేదానివి."

"పిల్లల్ని కన్నది నేనా, నువ్వా?"

"నువ్వే. మరి నీ రంగూ నా రంగూ బొగ్గేగా. మనమ్మ ఏ మాత్రలు మింగింది?"

మా ఆవిడ అలవాటుకొద్దీ తలూపబోయి, ఎటు ఊపాలో తెలియక ఆగిపోయింది.

కోడల్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళదామంటే మావాడు అడ్డుపడ్డాడు. "ఇవాళ లోడు ఉంది నాన్నా. ఆస్పత్రికి రేపు వెళదాం."

"లోడు కరిగితే మళ్ళీ గడ్డకడుతుంది. బండి తియ్యి."

డాక్టరమ్మ కోడలి కంటి కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా ఉంది. పరీక్ష చేయించి, రక్తం బాగా పడిపోయిందనీ, ఇలాగే కాన్పుకు వస్తే కొంచెం రక్తం పోయినా తట్టుకోలేదనీ చెప్పింది.

"ఐసు తింటోందని ఎవరూ చెప్పలేదేం?"

"అది మా వ్యాపారమండీ," అన్నాడు మావాడు. "వారసుడి లక్షణం అనుకున్నాం."

ఆమె వాడి వైపు ఒక చూపు చూసింది. దాన్ని మాత్రం వాడు పొగడ్త అనుకోలేదు.

"పులుపో తీపో అడిగితే పెట్టండి, తప్పులేదు. ఐసో, సుద్దో, మట్టో అదేపనిగా కావాలంటే మాత్రం వెంటనే మా దగ్గరికి తీసుకురండి. రక్తం తగ్గినప్పుడు చాలామందికి ఇలా అవుతుంది. ఎందుకవుతుందో మాకూ పూర్తిగా తెలియదు."

తెలియదు అన్న మాట మా ఇంట్లో నేనెన్నడూ విని ఉండలేదు. ఆ ఒక్క మాటతో ఆమె మీద నాకు గురి కుదిరింది.

ఐరన్ మందు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. మాత్రలు నేనే దగ్గరుండి మింగించాను. అక్క అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నెల తిరిగేలోపు ఒకరోజు ఫ్రిజ్ తెరిస్తే ఐసు ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కోడలు వాటిని పక్కకు నెట్టి కూరగాయలు సర్దుకుంటోంది.

కాన్పు మామూలుగానే అయింది. ఆడపిల్ల. అచ్చంగా నా రంగు. అక్క వచ్చి చూసి, "చెప్పానా, మాత్రలు," అంది. మా ఆవిడ తలూపింది. మావాడు బజారుకెళ్ళి, వారసుడన్న మాట మింగేసి, తాత పోలికని చాటుకొచ్చాడు.

ఇక చివరి లెక్క. అక్క నోరు ఉన్నచోటే ఉంది, దాన్ని లాభంలో చూపలేను. కోడలు మాత్రం ఇప్పుడు పిల్లను చంకనేసుకుని, ఇంకో చేత్తో నా భోజనం క్యారేజీ పట్టుకుని దిగుతుంది. నేను తిన్నాక ఖాళీ క్యారేజీతో అలాగే పైకి ఎక్కుతుంది. మెట్ల మధ్యలో ఎక్కడా కూర్చోదు.