మూలస్తంభం గుంత

చిత్రశాల గడప మీది పావురాల రెట్టను తడిగోనెతో రుద్దుతూనే భీమ్లా దక్షిణం వైపు చూశాడు. కొత్త హాలు మూలస్తంభానికి ఛాతీలోతు గుంత తవ్వారు. పదింటికి కాంక్రీటు లారీ వస్తుంది.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. వంగిన నడుము, సున్నం తిన్న గోళ్ళు, భుజాల దగ్గర వెలిసిన ఖాకీ చొక్కా. చివ్వెంల దగ్గరి తండా నుంచి మొదటి బస్సులో సూర్యాపేట వచ్చి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ చిత్రశాల తలుపులు తెరుస్తున్నాడు. లోపలి బొమ్మలు ఎవరు గీశారో అతనికి పట్టదు. గోడలు మాత్రం తెలుసు. నడిమి హాలు పాత కచేరి, రాతిగోడ, డంగుసున్నం. ఉత్తరం హాలు తర్వాతి ఇటుకపని. చినుకు పడితే కారుతుంది. అది కట్టిన ఏడాదే, ప్రారంభోత్సవానికి అడ్డమని దక్షిణం బావిని వారంలో పూడ్చేశారు. ఏ కాగితంలోనూ ఎక్కించలేదు. పూడ్చిన కూలీల్లో, అప్పటికింకా ఈ ఉద్యోగంలో చేరని భీమ్లా ఒకడు.

కోదాడ నుంచి వచ్చిన ఇంజనీరు రాజారత్నం కారు దిగుతూనే అతన్ని చూసి ముఖం చిట్లించాడు.

"మళ్ళీ బావి పురాణమేనా? మట్టి పరీక్షలో కనపడని బావి నీకెలా కనపడిందయ్యా?"

"పరీక్ష గేటుకాడ చేసిండ్రు సార్. బావి గీడుంది. మిర్యాలగూడ మిల్లుల ఊక బూడిద లారీలకు లారీలు పోసినం. మీద మొరం కప్పినం."

"ఇంజనీరు నువ్వా, నేనా?"

"మీరే సార్. కని స్తంభం మీ సర్టిఫికెట్ మీద నిలబడదు గద."

మేస్త్రీ మట్టయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. రాజారత్నం చెవులు ఎర్రబడ్డాయి.

"తాళాలిచ్చి వెళ్ళు. రేపటి నుంచి నీ ముఖం ఇక్కడ కనపడకూడదు."

భీమ్లా తాళాలగుత్తి అతని కారు మీద పడేశాడు. కూలితే కూలనీ, వీడి నెత్తినే పడనీ అనుకుంటూ గేటు దాకా నడిచాడు. కానీ ఆ హాల్లో నిలబడేది వీడు కాదు. బడిపిల్లలను వరుస కట్టించి తోలుకొస్తారు.

వెనక్కి తిరిగాడు. మట్టయ్య పక్కన పడున్న గడ్డపార అందుకుని గుంతలోకి దిగాడు.

"ఎవడ్రా వాణ్ణి దిగనిచ్చింది?" రాజారత్నం అరిచాడు. ఎవరూ కదల్లేదు.

మొదటి పోట్లకు మొరం ఖణేలుమంది. ఒక్కచోటే పొడుస్తూ పోయాడు. పన్నెండో పోటుకు చప్పుడు లేదు. గడ్డపార అతని గుప్పిట్లోంచి జారి, దానంతటదే దిగింది.

భీమ్లా పైకెక్కి, మోకాళ్ళ మట్టి దులుపుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. కాంక్రీటు లారీ వచ్చి హారన్ కొట్టింది. పోయమని మట్టయ్య చెయ్యెత్తలేదు. రాజారత్నం గుంత అంచున నిలబడి కిందికి చూశాడు.

ఎర్రమొరంలో, ఆ నిలువెత్తు గడ్డపార జానెడే పైకి కనిపిస్తోంది.