పదో పేరు

ఆర్మూరు మార్కెట్ యార్డులో ఆ ఏటి పసుపు చివరి కుప్పలు లారీలకెక్కుతున్న రోజులవి. 1999 మే నెల. పెర్కిట్ దారిలో ఒక రేకుల వరండాలో నలుగురు ఆడవాళ్లు బీడీలు చుడుతూ ప్రయాణం సంగతి మాట్లాడుకుంటున్నారు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చూసేవాళ్లకు ఇందులో చెడేమీ కనిపించదు. కష్టం చేసుకునేవాళ్లు, పిల్లలను తీసుకుని రెండు రోజులు హైదరాబాదు వెళ్లి వద్దామనుకుంటున్నారు. అంత చిన్న సరదాకు కూడా మన సమాజం ఎక్కడ అడ్డం పడుతుందో చదువుతున్న మీరే చూడండి.

నలుగురిలో ముందుండి నడిపించేది గంగమణి. భర్త రాజమల్లు మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. ఆరేళ్లలో రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఆ ఆరేళ్లలో ఇల్లు కట్టించింది ఆమె, బోరు వేయించింది ఆమె, మామ లక్ష్మీరాజానికి కంటి ఆపరేషన్ అయితే నిజామాబాద్ దవాఖానలో మూడు రోజులు మంచం పక్కన కూర్చున్నది ఆమె. భాగ్యవ్వ, గంగవ్వల భర్తలు కూడా గల్ఫ్‌లోనే ఉన్నారు. ఈ ముగ్గురికీ కలిపి ఆరుగురు పిల్లలు. నాలుగో మనిషి నర్సవ్వ. యాభై దాటింది. భర్త పోయి పద్దెనిమిదేళ్లయింది. ఒక్కగానొక్క కొడుకు భూమేశ్వర్ దుబాయిలో ఉన్నాడు.

ప్రయాణం ఆలోచన పుట్టింది నర్సవ్వ నోటనే. నగరం శివారులో కొత్తగా ఆటల పార్కు తెరిచారనీ, అందులో మెషిన్లు పెట్టి నీళ్లలో అలలు లేపుతారనీ టీవీలో చూసిన రోజు ఆమె చేతిలో బీడీ అట్లాగే ఆగిపోయింది.

"మన పిల్లలు సముద్రం అవతల ఉన్నరంటం. నేనైతే ఇంతవరకు అల సూడలే. గా నీళ్లల్ల నిలవడి ఒక్కపారి కాళ్లకు అల తాకిచ్చుకోవాలనున్నది నాకు," అన్నది.

"తాకిచ్చుకుందువు తియ్యి పెద్దమ్మా. నేను తోల్కపోత," అన్నది గంగమణి.

మాట ఇచ్చాక ఆమె ఊరుకునే మనిషి కాదు. మరునాడే బస్టాండు ఎదురుగా ఉన్న ముకుంద్ ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లింది. ముకుంద్ తండ్రిది పసుపు కమీషన్ దుకాణం. కొడుకు మాత్రం ఆ దుకాణం ముందు గదిలో టికెట్ల వ్యాపారం పెట్టుకున్నాడు. గంగమణి చెప్పింది విని ఒక ఫారం తీశాడు.

"పార్కు, లాడ్జి, లాడ్జి నుంచి పార్కు దాంక వ్యాను, అన్ని ఒక్క కాయితం మీదనే అయితయి అక్కా. గ్రూపు పాసు. పది మందికి ఒక్కటే పాసు. పదికి మించి రాయరాదు."

"ఆడోళ్లం నలుగురం, పిల్లలు ఆరుగురు. సరిగ్గ పది మందిమే సేటు."

"మరి మొగాయన ఎవరొస్తున్నరు?"

"ఎవరు లేరు."

ముకుంద్ కలం ఆపాడు. "గట్లయితే ఎట్ల అక్కా? ఇందుల గ్రూపు లీడర్ పేరు రాసే ఖానా ఉన్నది. ఉత్త ఆడోళ్లకు లాడ్జిల రూము ఇయ్యరు. మొగమనిషి పేరు ఎవరిదో ఒకరిది చెప్పు. పేరుకే."

గంగమణికి అక్కడే కోపం రావలసింది. రాలేదు. ఎందుకు రాలేదో కూడా చెప్పుకోవాలి. గల్ఫ్ ఇళ్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. తిరిగేది, తెచ్చేది, కట్టించేది ఇంట్లో ఉన్న ఆడమనిషి. కాగితం మీద పేరు మాత్రం ఊళ్లో మిగిలిపోయిన మగవాడిది. గంగమణి కట్టించిన ఇంటి పర్మిషన్ మామ పేరు మీద ఉంది. ఆమె ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న కరెంటు మీటరు మరిది సాయిలు పేరు మీద ఉంది. ఆ సాయిలు వీసా వస్తుందని మూడేళ్లుగా కల్లు దుకాణంలో ఎదురుచూస్తున్నాడు. అలవాటైన నోటికి అదే పేరు వచ్చింది.

"సాయిలు అని రాయిండ్రి," అన్నది.

రాసి ముకుంద్ తల ఎత్తాడు. "గట్లయితే పదకొండు అయితరు. ఒకరిని తగ్గియ్యాలె."

ఆ సాయంత్రం వరండాలో ఈ సంగతి చెప్పినప్పుడు ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు. పిల్లల్లో ఎవర్ని ఆపితే ఎవరు ఏడుస్తారో అందరికీ తెలుసు. తల్లులు లేకుండా పిల్లలు వెళ్లరు. ముగ్గురూ నర్సవ్వ ముఖం చూశారు, చూసి తలలు దించుకున్నారు. నర్సవ్వ ఏదో చెప్పబోయి ఆగింది.

"సరే, నేను ఆగుత. మీరు పోయి రాండ్రి," అని చాట ఒళ్లోకి లాక్కుంది. వద్దనీ, నువ్వు లేకుండా ఎట్లా పోతామనీ ఆ వరండాలో ఒక్కరూ అనలేదు.

పేరుకే అనుకున్న మనిషి పేరుతో ఆగుతాడా? ఫారంలో లీడరు అని రాశారని తెలిసిన దగ్గర్నుంచి సాయిలు నడకే మారింది. దోస్తు పెళ్లి ఉందని సోమవారం ప్రయాణాన్ని గురువారానికి మార్పించాడు. పాసు మీద లాడ్జిలో ఇచ్చే రెండు గదుల్లో ఒకటి తనకే అన్నాడు.

"మొగోన్ని, ఆడోళ్ల రూముల ఎట్ల పంట వదినా?"

అంటే ఒక గదిలో ఒక్కడు, ఇంకో గదిలో తొమ్మిది మంది. పాసు కూడా తన దగ్గరే ఉండాలన్నాడు. గంగమణి పళ్లు బిగబట్టి అన్నింటికీ సరే అన్నది. పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు మరి.

గురువారం మొదటి బస్సు పట్టుకున్నారు. డిచ్‌పల్లి దాటేసరికి పొద్దు పొడిచింది. పది గంటలకు నగరంలో బస్టాండు దగ్గరి లాడ్జి చేరారు. కౌంటరు దగ్గర అంబదాస్ అనే పెద్దాయన కాగితం చూసి, సాయిలుతో సంతకం పెట్టించుకుని, రెండు తాళంచెవులూ అతని చేతికే ఇచ్చాడు. వ్యాను పదకొండుకు వస్తుందన్నాడు. సాయిలు తాళంచెవులూ పాసూ అంగీ జేబులో వేసుకుని, "చాయ్ తాగొస్త, ఈడనే కూసోండ్రి," అని రోడ్డు దాటాడు.

పదకొండుకు వ్యాను వచ్చింది. సాయిలు రాలేదు. డ్రైవరు అరగంట ఆగి, "పాసు లేకుండ గేటుకాడ నన్ను నిలవెడతరమ్మా," అని వెళ్లిపోయాడు. పన్నెండయింది. ఒంటిగంటయింది. పిల్లలు సంచుల మీద కూర్చుని కూర్చుని అలసిపోయారు. గంగవ్వ కూతురు బాత్‌రూముకు పోవాలని మెలికలు తిరుగుతోంది. భాగ్యవ్వ రోడ్డుకు రెండు వైపులా వెతికి ఉత్త చేతులతో వచ్చింది. గంగమణి కౌంటరు దగ్గరకు వెళ్లింది.

"ఇంకో తాళంచెవి లేదా సార్?"

"ఉన్నదమ్మా. కని ఎవరి పేరు మీద రాసినమో ఆయన చెప్పాలె. రేపు ఆయనొచ్చి నా సామాను ఏదని అడిగితే నేనేం చెప్పాలె?"

"సామాను మాది. పిల్లలు మావోళ్లు. ఆయనను తోల్కొచ్చింది మేము."

"కాయితంల గట్ల లేదు గదమ్మా."

"ఏం చెయ్యాలె మరి? ఉత్త ఆడోళ్లకు రూము ఇయ్యం అంటరు మీరే."

అంబదాస్ కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు? మీ దిక్కు ఆడోళ్లు నా దగ్గరికి మస్తుమంది వస్తరు. దుబాయ్ నుంచి దిగేటోళ్లను తోల్కపోను వస్తరు, ఒక్కొక్కరే వస్తరు. రేషన్ కార్డు చూపెట్టి రూము తీసుకుంటరు. నువ్వు నీ పేరు రాయిచ్చుకుంటే తాళంచెవి నీ చేతులనే పెడుతుంటి."

రిజిస్టరు తిప్పి చూపించాడు కూడా. మోర్తాడ్ నుంచి ఒకామె, దొంకేశ్వర్ నుంచి ఒకామె, ఒకరు వేలిముద్ర, ఒకరు వంకర అక్షరాల సంతకం. గంగమణి ఆ పేర్లు చదివింది. లాడ్జిలో లేని రూలును ఆర్మూరులో బల్ల ముందు కూర్చుని చెప్పిన ముకుంద్ మీద కోపం. తమ ప్రయాణాన్ని జేబులో వేసుకుని పోయిన మరిది మీద కోపం. ఒక్కసారి ఫోన్ చేసి అడిగితే తెలిసిపోయే సంగతిని అడగనైనా అడగకుండా తల ఊపిన తన మీద అన్నింటికంటే ఎక్కువ కోపం.

సాయిలు వచ్చేసరికి నాలుగయింది. దగ్గరికి రాకముందే వాసన వచ్చింది.

"పాత దోస్తు కలిసిండు వదినా. ఇప్పుడేమైంది? పాండ్రి పోదాం."

ఆటోలు మాట్లాడుకుని పార్కు గేటు చేరేసరికి అయిదున్నర. అలలు లేపే మెషిన్లు అయిదింటికే ఆపేశామనీ, పాసు ఆ ఒక్క రోజుకేననీ గేటు మనిషి చెప్పాడు. పిల్లలు కటకటాలు పట్టుకుని లోపలికి చూశారు. కొలనులో నీళ్లు కదలకుండా ఉన్నాయి. లోపలి నుంచి తడి జుట్టుతో, కేరింతలతో వేరేవాళ్ల పిల్లలు బయటికి వస్తున్నారు. గంగమణి పెద్దబిడ్డ ఏడవలేదు. తల్లి ముఖం చూసి, "మల్లెప్పుడన్న వద్దాం తియ్యి అమ్మా," అన్నది. ఏడ్చి ఉంటే గంగమణికి అంత బాధ ఉండేది కాదు.

"వచ్చినం గద, గేటు ముంగట ఒక ఫోటో దిగుదాం," అన్నాడు సాయిలు.

గంగమణి అందరి ముందూ అతని జేబులో చెయ్యి పెట్టి తాళంచెవులు తీసుకుంది. "నువ్వు ఇప్పుడే బస్సెక్కి ఇంటికి పో. మా ఎంబడి రాకు," అన్నది. లాడ్జికి వెళ్లి అంబదాస్‌తో సాయిలు పేరు కొట్టేయించి తన పేరు రాయించింది. ఆ రెండు గదుల్లో తొమ్మిది మందీ కాళ్లు చాపుకుని పడుకున్నారు. పోయిన రోజు మాత్రం పోయినట్టే.

మరునాడు ఇంటి గుమ్మంలో మామ లక్ష్మీరాజం ఎదురొచ్చాడు. కొడుకు ముందే వచ్చి తనకు కావలసినట్టు చెప్పుకున్నాడు.

"ఎంతైనా మొగోడు ఎంబడున్నడు కాబట్టి పోయి మంచిగ వచ్చిండ్రు. నడిమిట్ల ఎల్లగొట్టుడు నీకు మర్యాద కాదు కోడలా," అన్నాడు.

"నీ కొడుకు మా ఎంబడి లేడు మామా. మేమే ఆయన కోసం ఆరు గంటలు సంచుల మీద కూసున్నం. నీ మనుమరాలు కటకటాలు పట్టుకొని సూసొచ్చింది. ఆ మర్యాద నువ్వే అడుగు నీ కొడుకును."

ఆరేళ్లలో కోడలు ఎదురు మాట్లాడడం అదే మొదలు.

ఆమె అక్కడ ఆగలేదు. చీరైనా మార్చుకోకుండా వరండాకు వెళ్లింది. నర్సవ్వ ఒక్కతే కూర్చుని బీడీలు చుడుతోంది. గంగమణి జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ సాయిలును తిట్టింది, ముకుంద్‌ను తిట్టింది, మామను కూడా వదల్లేదు. భాగ్యవ్వ, గంగవ్వ వచ్చి వాళ్లూ తలా ఒక మాట కలిపారు. నర్సవ్వ అంతా విన్నది. వేళ్లు మాత్రం ఆపలేదు.

"అయిందా మీ తిట్టుడు?" అన్నది చివరికి. "సాయిలు ఎసొంటోడో ఊరందరికి ఎర్కే. వాని మీద నాకేం కోపం లేదు. నా కోపం మీ మీద."

నర్సవ్వ చుట్టిన బీడీని చాటలో వేసి ఇంకో ఆకు అందుకుంది.

"పోయినేడు నా భూమేశ్వర్ కాలు ఇరిగి దుబాయ్ నుంచి వచ్చిండు. ఎయిర్‌పోర్టుకు ఎవరు పోయిండ్రు? నేనొక్కదాన్ని పోయిన. గదే బస్టాండు కాడ లాడ్జిల రెండు దినాలు ఉన్న, నా రేషన్ కార్డు మీద, నా వేలిముద్ర మీద. కొడుకును దవాఖానల సూపెట్టి, ఇంటికి తోల్కొచ్చిన. మంచిగైనంక మల్ల ఇమానం ఎక్కిచ్చింది గూడ నేనే. మీకు తెల్వదా?"

తెలుసు. ముగ్గురికీ తెలుసు. భూమేశ్వర్ కట్టుకట్టిన కాలితో ఆటో దిగిన రోజు ముగ్గురూ ఎదురెళ్లినవాళ్లే. కానీ ఫారం మీద పేరు రాయవలసి వచ్చినప్పుడు ఒక్కరికీ ఆమె గుర్తు రాలేదు.

"గా దినం చెప్పవోయిన, రూము ఇస్తరు, నేను తీసుకున్న అని. మీరు నా మొకం సూసి తలకాయలు దించుకున్నరు. లాడ్జి దారి తెలిసిన మనిషిని ఆపి, కల్లు దుకాణం దారి తెలిసినోన్ని తోల్కపోయిండ్రు. ఎందుకు? నాకు మొగడు లేడని. మీ మొగోళ్లు సముద్రం అవతల ఉండి గూడ మీకు ఉన్నట్టే, నేను కండ్ల ముంగట ఉండి గూడ లేనట్టే. ఏ మొగోడో రాసిపెట్టిన రూలు కాదు ఇది. మీరే నెత్తిన మోసుకుంట తిరుగుతున్నరు."

గంగమణి ఆమె పక్కన కూలబడింది. కళ్ల నీళ్లు పెట్టుకోలేదు, సాకులు చెప్పలేదు.

"తప్పు నాదే పెద్దమ్మా. మాటిచ్చి నిన్నే తీసేసిన. మల్ల పోదాం. ఈసారి నువ్వే తోల్కపో మమ్ములను."

"పోదాం. నేనెందుకు రాను? అల సూడాలన్నది నేనే గద," అన్నది నర్సవ్వ. గొంతులో ఇంకా కోపం తగ్గలేదు. చాట పక్కకు పెట్టి ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. "కని ఒక్కటి యాదికుంచుకోండ్రి. సాయిలు జేబుల పాసు పెట్టింది సాయిలు కాదు, మనమే. పని చేసినోళ్ల పేరు కాయితం మీద లేకపోతే, ఆ పనిని పని చెయ్యనోడు జేబుల ఏస్కొని పోతడు."