అద్దం వైపు తిరిగిన కుర్చీ

ఆ ఉదయం బార్బరు చేతులు ఆయన మాట వినడం లేదు. ఒక పెద్దమనిషికి ఎడమ మీసం కాస్త ఎక్కువ కత్తిరించి, సరిచేద్దామని కుడివైపు ఇంకాస్త కత్తిరించి, చివరికి మీసమే లేకుండా చేసి పంపాడు. నాలుగింటికి కొడుకును వెంటబెట్టుకుని బడికి వెళ్ళాలి. వాణ్ణి ఉంచుకుంటారో పంపించేస్తారో అక్కడ తేలుతుంది.

పదిహేనేళ్ళ ఆ సుపుత్రుడి ఘనకార్యం ఇదీ: తోటి పిల్లాణ్ణి విరిగిన బెంచీలు పడేసే చీకటి గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టాడు. లోపల వాడు తలుపులు బాది ఏడుస్తుంటే, వీడు బయట మెట్ల మీద కూర్చుని తాపీగా టిఫిన్ డబ్బా ఖాళీ చేశాడు. కోపమా అంటే కాదు, పగా అంటే అదీ కాదు. పిల్లలతో మాట్లాడి వాళ్ళ మనసు తెలుసుకునే మేడమ్ ఒకావిడ ఉంది ఆ బడిలో. నిన్న తండ్రిని పిలిచి అడిగింది.

"మాట్లాడేటప్పుడు మీవాడు మీ కళ్ళలోకి చూస్తాడా?"

"చూస్తాడండీ, అద్దంలో," అని ఈయన నాలుక కరుచుకున్నాడు.

నిజమే మరి. ఇరవై ఏళ్ళుగా ఆయన ఎవరితో మాట్లాడినా అద్దంలోనే, కన్నకొడుకుతో సహా. రాత్రంతా ఆ మాటే బుర్ర తొలిచేసింది.

మధ్యాహ్నం, బడిలో కాస్త మనిషిలా కనబడాలని కొడుకును కుర్చీ ఎక్కించాడు. వాడు బిగుసుకుని కూర్చున్నాడు. నాలుగేళ్ళప్పుడు ఇదే కుర్చీలో గుక్కపెట్టి ఏడ్చేవాడు. "పది లెక్కపెట్టేలోగా ఆపాలి. కదిలితే చెవి కోసేస్తా!" అని బెదిరించింది ఈయనే. వారం తిరక్కుండా వాడు దారికొచ్చాడు. "మావాడు బండరాయండీ!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా ఈయనే. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

"ఒరేయ్, వాడు లోపల అంతలా ఏడుస్తుంటే నీకేమీ అనిపించలేదా?"

"ఎప్పుడు ఆపుతాడా అని చూశా. నేను పది లోపే ఆపేసేవాణ్ణి కదా నాన్నా."

బార్బరు కత్తెర పట్టు తప్పింది. కత్తెర మొన చెవికి తగిలి రక్తం కారింది. కుర్రాడు రెప్ప కూడా వెయ్యలేదు.

"నొప్పిగా లేదురా?"

"ఉంది. కదలకూడదుగా."

ఆయన కుర్చీని గిర్రున తనవైపు తిప్పేశాడు. దూది తీసి చెవికి అదిమి పట్టుకున్నాడు. "కదలరా నాన్నా, నీకు దణ్ణం పెడతాను. గట్టిగా అరిచెయ్. నన్ను తిట్టు," అంటూ ఏడ్చేశాడు.

కొడుకు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఆయన మొహంలోకి తేరిపార చూశాడు.

"నీ మొహం ఏంటి అలా అయిపోయింది?"

"భయంరా. నువ్వేమైపోతావోనని భయం."

వాడు చాలాసేపు చూపు తిప్పుకోలేదు. తర్వాత కుర్చీలో కాస్త కదిలాడు.

"నేను తలుపు తీసినప్పుడు వాడి మొహం కూడా ఇలాగే ఉంది నాన్నా."